పాత టొబాకో బేస్‌బాల్ కార్డును గుర్తుపట్టడం, ఏ ఏడాదిదో తేల్చడం ఎలా?

"అన్నా, ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామానంతా అమ్మే చోట) ఒక అట్టపెట్టె కొన్నాం. అడుగున ఈ కార్డు ఉంది. నిజంగా పాతదేనా?" అని అమెరికాలో ఉండే మనవాళ్ల నుంచి నాకు తరచూ మెసేజ్‌లు వస్తుంటాయి. పిల్లలు బేస్‌బాల్ కార్డులు పోగు చేసే ఇళ్ల నుంచయితే మరీ ఎక్కువ. అందరూ కార్డు ముందు వైపు ఫొటో మాత్రమే పంపుతారు. నేను వెంటనే అడిగేది వెనుక వైపు ఫొటో.

సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఈ కార్డుల్లో చాలావాటి మీద సంవత్సరం అచ్చు వేసి ఉండదు. కొలత, కాగితం, అచ్చు పద్ధతి, వెనుక ఉన్న ప్రకటన, ఆటగాడి జట్టు, ఈ ఐదింటినీ చూసి మనమే ఏడాది తేల్చుకోవాలి. ఐదూ ఒకే కాలాన్ని చూపిస్తే కార్డు నిలబడుతుంది. ఒక్కటి అడ్డం తిరిగినా అక్కడే ఆగి, మొదటి నుంచి మళ్లీ చూడాలి. కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. వరుస తప్పితే ముందుగా ముఖం చూసి ఆశపడిపోతాం, ఆ తర్వాత కనిపించే ప్రతిదీ మన ఆశకు తగ్గట్టే కనిపిస్తుంది.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్కేలు
- నగల షాపుల్లో వాడే చిన్న భూతద్దం, కనీసం 10 రెట్లు పెద్దదిగా చూపించేది
- చిన్న బ్లాక్‌లైట్ (అల్ట్రావయొలెట్) టార్చి
- పోల్చి చూడటానికి, అసలుదని ఖాయంగా తెలిసిన ఒక చవక కార్డు
- నోట్‌బుక్, పెన్సిల్

నాలుగోది చాలామంది వదిలేస్తారు, కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పేరున్న ఆటగాడిది అక్కర్లేదు. మూలలు అరిగి, మడతలు పడ్డ మామూలు ఆటగాడి కార్డు చాలు. వందేళ్ల నాటి అట్ట వేలికి ఎలా తగులుతుందో, సిరా ఎలా కూర్చుంటుందో ఒక అసలు కార్డును పట్టుకుంటేనే తెలుస్తుంది.

చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. బల్ల మీద మెత్తని శుభ్రమైన గుడ్డ పరవండి. కార్డు ఏ ఆల్బమ్‌కైనా అతుక్కుని ఉంటే లాగకండి, తడి చేయకండి.

2. మొదట కొలవండి

ఇప్పుడు దుకాణాల్లో దొరికే మామూలు కార్డు 2 1/2 × 3 1/2 అంగుళాలు, అంటే సుమారు 64 × 89 మి.మీ. మీ చేతిలోది సరిగ్గా ఈ కొలతే అయితే అది సిగరెట్ పెట్టెలో వచ్చిన కార్డు కాదు. అవి పెట్టెలో పట్టాలి కాబట్టి చాలా చిన్నవి, లేదంటే మడిచి పెట్టేవి.

గుర్తుంచుకోవాల్సిన కొలతలు ఇవి. వందేళ్ల కింద కోసినవి కాబట్టి మిల్లీమీటరు అటూ ఇటూ సహజం.

- టి206: 1 7/16 × 2 5/8 అంగుళాలు (36.5 × 66.7 మి.మీ.)
- ఎన్28, ఆలెన్ అండ్ గింటర్: 1 1/2 × 2 3/4 అంగుళాలు (38 × 70 మి.మీ.)
- ఎన్172, ఓల్డ్ జడ్జ్: సుమారు 1 1/2 × 2 1/2 అంగుళాలు (38 × 64 మి.మీ.)
- టి201, మెక్కా మడత కార్డు: 2 1/4 × 4 11/16 అంగుళాలు (57 × 119 మి.మీ.)
- టి202, హసన్ మూడు మడతల కార్డు: 2 1/4 × 5 1/4 అంగుళాలు (57 × 133 మి.మీ.)
- టి3, టర్కీ రెడ్: 5 3/4 × 8 అంగుళాలు (146 × 203 మి.మీ.)

చివరిది పెట్టెలో వచ్చింది కాదు, కూపన్లు పోగు చేసి పంపితే ఇచ్చింది. అందుకే అంత పెద్దది.

ఈ కోడ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎన్ అంటే పంతొమ్మిదో శతాబ్దపు టొబాకో కార్డు, టి అంటే ఇరవయ్యో శతాబ్దపు టొబాకో కార్డు, ఇ అంటే తొలినాళ్ల మిఠాయి కార్డు. జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తన కేటలాగ్ కోసం వీటిని పెట్టాడు, అదీ కార్డులు వచ్చిన దశాబ్దాల తర్వాత. కాబట్టి కార్డు మీదే "టి206" అని అచ్చయి ఉంటే అది పాతది కాదు. ఇంత సులువైన గుర్తు మరొకటి లేదు.

3. వెనక్కి తిప్పండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాసుకోండి.

- ఏ సిగరెట్ లేదా పొగాకు బ్రాండ్?
- ఎన్ని "సబ్జెక్ట్స్" (ఆ సిరీస్‌లో ఎన్ని బొమ్మలు) అని ఉంది?
- ఫ్యాక్టరీ నంబరు, డిస్ట్రిక్ట్, రాష్ట్రం ఏమిటి?
- సిరా ఏ రంగు?

ఉదాహరణకు టి206లో తరచూ కనిపించే పీడ్‌మాంట్ కార్డు వెనుక నీలం సిరాతో "బేస్ బాల్ సిరీస్, 150 సబ్జెక్ట్స్" అని, కింద "ఫ్యాక్టరీ నం. 25, 2వ డిస్ట్రిక్ట్, వర్జీనియా" అని ఉంటుంది. "బేస్ బాల్" రెండు విడి పదాలుగా ఉండటం గమనించండి. ఆ రోజుల్లో అలాగే రాసేవారు. ఫ్యాక్టరీ నంబరు పన్నుల శాఖ కోసం. ఏ పొగాకు ఏ కర్మాగారంలో తయారైందో చూపించాల్సి వచ్చేది.

టి206 వెనుక కనిపించే బ్రాండ్లు పదహారు: పీడ్‌మాంట్, స్వీట్ క్యాపోరల్, అమెరికన్ బ్యూటీ, బ్రాడ్ లీఫ్, కరోలినా బ్రైట్స్, సైకిల్, డ్రమ్, ఎల్ ప్రిన్సిపె దె గాలెస్, హిందూ, లెనాక్స్, ఓల్డ్ మిల్, పోలార్ బేర్, సావరిన్, టోల్‌స్టాయ్, యూజిట్, టై కాబ్ (ఆటగాడి పేరునే బ్రాండ్‌గా పెట్టారు). అవును, హిందూ అనే పేరుతో అమెరికాలో సిగరెట్ ఉండేది. ఆ పేరు చూసి ఇండియాలో అచ్చయిన కార్డు అనుకుని నాకు రాసినవాళ్లు ఉన్నారు. కార్డు అమెరికాదే, ఆ బ్రాండ్ కూడా అమెరికాదే.

స్వీట్ క్యాపోరల్ ఎరుపులో, ఓల్డ్ మిల్ నలుపులో, సావరిన్ ఆకుపచ్చలో వస్తాయి. హిందూ మామూలుగా గోధుమ రంగులో ఉంటుంది, ఎరుపు హిందూ అరుదు. పోలార్ బేర్ సిగరెట్ కాదు, విడి పొగాకు. కార్డు ఆ పొగాకు మధ్యే ఉండేది కాబట్టి గోధుమ మరకలు తరచూ కనిపిస్తాయి. వాటిని తుడవాలని చూడకండి.

వెనుక ఖాళీగా ఉంటే వెంటనే నకిలీ అనకండి. ఓల్డ్ జడ్జ్ కార్డుల వెనుక మామూలుగా ఖాళీయే. వాటి బ్రాండ్, కంపెనీ పేర్లు ముందు వైపు ఫొటోలోనే ఉంటాయి.

4. ఏ సెట్? ముందు వైపుతో కలిపి తేల్చండి

బ్రాండ్ పేరొక్కటే సరిపోదు. అదే పీడ్‌మాంట్ టి206 మీదా ఉంది, టి205 మీదా ఉంది. సెట్‌ను ఇంటిపేరు అనుకుంటే బ్రాండ్ ఊరి పేరు లాంటిది, ఒకే ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు ఉంటారు.

తెల్ల అంచు, లోపల సన్నని గీత, కింద గోధుమ సిరాతో ఆటగాడి ఇంటిపేరు, ఊరు, కొన్నిటి మీద లీగ్ కూడా: ఇది టి206. 1909 నుంచి 1911 వరకు వచ్చింది. సెట్‌లో 524 కార్డులని లెక్క. వాటిలో 48 దక్షిణాది మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) ఆటగాళ్లవి. కార్డులకు వరుస నంబర్లు లేవు.

బంగారు రంగు అంచు, వెనుక ఆటగాడి గురించి నాలుగు మాటలు ఉంటే టి205, 1911. ఆ బంగారు అంచు ఇట్టే పెచ్చులూడుతుంది. అందుకే అంచు ఎక్కడా చెదరకుండా మెరుస్తున్న టి205 కనిపిస్తే నేను సంతోషించను, అనుమానిస్తాను.

ముదురు గోధుమ నేపథ్యం ఉంటే టి207, 1912. వెనుక రిక్రూట్, బ్రాడ్‌లీఫ్, సైకిల్, నెపోలియన్ లాంటి పేర్లు ఉంటాయి.

ఎరుపు అంచు, ఓల్డ్ మిల్ పేరు ఉంటే టి210, 1910. మైనర్ లీగ్ ఆటగాళ్ల పెద్ద సెట్ ఇది.

పై సగం మడిస్తే అవే కాళ్ల మీద రెండో ఆటగాడు నిలబడతాడా? అది టి201, 1911. మధ్యలో నలుపు తెలుపు ఆట దృశ్యం, రెండు పక్కలా రంగు బొమ్మలు ఉంటే టి202, 1912.

పంతొమ్మిదో శతాబ్దానికి వస్తే ఓల్డ్ జడ్జ్ (1887–1890) నిజమైన ఫొటో, అట్టకు అతికించింది. స్టూడియోలో తీసిన ఫొటోలు కావడంతో కొన్నిటిలో బంతి దారానికి వేలాడుతూ కనిపిస్తుంది. ఎన్28 ఆలెన్ అండ్ గింటర్ 1887 నాటి రంగు బొమ్మ. 50 కార్డుల్లో బేస్‌బాల్ ఆటగాళ్లు 10 మందే, మిగతావి వేరే ఆటలవి. ఎన్162 గుడ్విన్ ఛాంపియన్స్ 1888. నల్ల అంచు, మేయో కట్ ప్లగ్ పేరు ఉంటే ఎన్300, 1895.

ఎక్కువమంది బోల్తా పడేది ఇంకోచోట. బొమ్మ అచ్చంగా టి206దే, కానీ కింద పేరు నీలం సిరాతో ఉంటుంది. అది టి206 కాదు. కూపన్ అనే బ్రాండ్ సిగరెట్లతో వచ్చిన టి213 లాంటి తర్వాతి సెట్లలో పాత బొమ్మలనే నీలం అక్షరాలతో మళ్లీ వేశారు. టి213లో నీలం అక్షరాల కార్డులు 1914 నుంచి 1919 మధ్యవి. బొమ్మ ఒకటే అయినా ఏడాది, సెట్, విలువ మూడూ మారిపోతాయి.

5. ఏడాదిని బిగించడం

సెట్ తేలాక, ఆ సెట్ లోపల కార్డు ఎప్పటిదో చూడాలి. నాలుగు దారులు ఉన్నాయి.

*సబ్జెక్ట్స్ అంకె.* టి206లో "150 సబ్జెక్ట్స్" అంటే 1909, 1910 మొదట్లో వచ్చినవి. "350" అంటే 1910. "460" అంటే 1910 చివర, 1911. ఈ అంకె కార్డు నంబరు కాదు. "నాది 150వ నంబరు కార్డు" అని చాలామంది పొరబడతారు. కొన్ని బ్రాండ్ల వెనుక ఈ అంకె అసలు ఉండదు, అప్పుడు మిగతా దారులే దిక్కు.

*జట్టు.* ఆటగాడు జట్టు మారితే కార్డు మీద పేరు కూడా మారింది. బిల్ డాలెన్‌కు బోస్టన్ కార్డూ ఉంది, బ్రూక్లిన్ కార్డూ ఉంది. 1910లో అతను బ్రూక్లిన్ మేనేజర్ అయ్యాడు, కాబట్టి బ్రూక్లిన్ అని ఉన్నది తర్వాతిది. ఇలాంటిదే రే డెమిట్ కార్డు. న్యూయార్క్ పేరుతో మామూలుగా దొరుకుతుంది, సెయింట్ లూయిస్ పేరుతో చాలా అరుదు. కార్డు మీద ఫెడరల్ లీగ్ జట్టు పేరు ఉంటే అది టి206 కాలానిది కాదు. పెద్ద లీగ్‌గా ఆ లీగ్ ఆడింది 1914, 1915లో మాత్రమే.

*గణాంకాలు.* టి205 వెనుక ఆటగాడి సగటులు ఉన్నచోట చివరి సీజన్ ఏదో చూడండి. 1910 దాకా లెక్కలు ఉన్న కార్డు అంతకు ముందు అచ్చయ్యే అవకాశమే లేదు.

*కంపెనీ పేరు.* గుడ్విన్, ఆలెన్ అండ్ గింటర్, కిన్నీ, కింబాల్, డ్యూక్ కంపెనీలు 1890లో అమెరికన్ టొబాకో కంపెనీగా కలిసిపోయాయి. పోటీ పోయాక కార్డుల అవసరం కూడా తగ్గిపోయింది. అందుకే 1890ల మధ్య నుంచి 1909 దాకా టొబాకో బేస్‌బాల్ కార్డులు దాదాపు కనిపించవు. ఎవరైనా "1902 నాటి సిగరెట్ కార్డు" అంటే రెండుసార్లు ఆలోచించండి.

నోట్‌బుక్‌లో ఒకే ఏడాది రాయాలని పట్టుబట్టకండి. "1910–11" అని రాయడం నిజాయితీ. ఆధారం లేకుండా "1909" అని రాస్తే రేపు కొనేవాడు నమ్మి మోసపోతాడు.

6. అసలుదా, రీప్రింటా?

ఆ కాలపు పేరున్న ఆటగాడు మ్యాథ్యూసన్‌ది, నా మొదటి కార్డు న్యూజెర్సీలో ఒక సంతలో కొన్నాను. మూలలు గుండ్రంగా అరిగి ఉన్నాయి, టీ రంగు మరకలు ఉన్నాయి, నేను చూసింది అంతే. ఇంటికొచ్చి భూతద్దం పెడితే కింద పేరులోని ప్రతి అక్షరం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు, రెండు నిమిషాలు చూసి ఉంటే తెలిసిపోయేదన్న బాధ. అందుకే ఈ భాగాన్ని తొందరపడకుండా చదవమని అడుగుతున్నాను.

అక్షరాలు, గీతలు. అసలు టి206లో ఒక్కో రంగునూ విడిగా అచ్చు వేశారు. పేరులోని గోధుమ అక్షరాలు, బొమ్మ చుట్టూ గీత నిండుగా, తెగకుండా ఉంటాయి. రీప్రింట్ అంటే మొత్తం కార్డును ఫొటో తీసి నాలుగు రంగుల చుక్కలతో మళ్లీ వేసింది. అక్షరం అంచు నలిగినట్టు, రంగురంగుల చుక్కలతో చేసినట్టు కనిపిస్తుంది.

జాగ్రత్త: అసలు కార్డుల బొమ్మలో కూడా చుక్కలు ఉంటాయి. ముఖంలో చుక్కలు కనిపించాయని పారేయకండి, తీర్పు చెప్పాల్సింది అక్షరాలు, గీతలు. టి202 మధ్య దృశ్యం కూడా చుక్కల అచ్చే. ఓల్డ్ జడ్జ్ మాత్రం నిజమైన ఫొటో కాబట్టి బొమ్మలో చుక్కలే ఉండకూడదు.

బ్లాక్‌లైట్. చీకటి గదిలో వేయండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనాలు కలపడం మామూలైంది. అలాంటి కాగితం నీలం తెలుపుగా వెలుగుతుంది, పాత అట్ట మసకగానే ఉంటుంది. వెలిగితే గట్టి అనుమానం. వెలగకపోతే మాత్రం అసలుదని రుజువైనట్టు కాదు, పాత కాగితం మీద కూడా కొత్తగా అచ్చు వేయవచ్చు.

అరుగుదల. నిజంగా చేతులు మారిన కార్డు ఒక్కో మూల ఒక్కోలా అరుగుతుంది. నాలుగు మూలలూ ఒకే గుండ్రంలో ఉంటే గరుకు కాగితంతో రుద్దారేమో చూడండి. రంగు అంతా ఒకే తీరున పసుపుగా ఉంటే టీలోనో కాఫీలోనో ముంచి ఉండవచ్చు. వెనుక ఒకచోట మాత్రం గీకినట్టు, పలచబడినట్టు ఉంటే అక్కడ "రీప్రింట్" అన్న మాట చెరిపారేమో అనుమానించండి.

ముందు, వెనుక జోడీ. నకిలీ చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. టి206లో ఏ ఆటగాడైనా ఏ బ్రాండ్‌తోనైనా రాడు.

- హోనస్ వాగ్నర్: స్వీట్ క్యాపోరల్ 150, పీడ్‌మాంట్ 150 మాత్రమే
- షెర్రీ మగీ పేరులో అక్షరం తప్పు పడిన కార్డు: పీడ్‌మాంట్ 150 మాత్రమే
- డెమిట్, ఓహారా సెయింట్ లూయిస్ కార్డులు: పోలార్ బేర్ మాత్రమే
- టై కాబ్ పేరుతో ఉన్న వెనుక వైపు: ఎరుపు నేపథ్యం ఉన్న కాబ్ బొమ్మతో మాత్రమే

వాగ్నర్ కార్డు వెనుక "460 సబ్జెక్ట్స్" కనిపిస్తే భూతద్దం తీయాల్సిన పని కూడా లేదు.

7. కత్తిరించిన కార్డు

అసలు కార్డే అయినా, అరిగిన అంచును ఎవరో కోసేసి ఉండవచ్చు. స్కేలుతో నాలుగు వైపులా కొలవండి. అసలు కార్డు పక్కన నిలబెట్టి అంచులు చూడండి. మూలలు కొత్తగా పదునుగా ఉండి, ఉపరితలం మాత్రం మడతలతో నలిగి ఉంటే ఆ రెండూ ఒకే జీవితం గడపలేదని అర్థం.

ఒక మినహాయింపు ఉంది. అమెరికన్ బ్యూటీ వెనుక వైపున్న టి206లు పుట్టుకతోనే కాస్త సన్నం. వాటిని కత్తిరించినవి అనకండి.

ఈ విషయంలో పెద్ద గ్రేడింగ్ కంపెనీ (కార్డును పరీక్షించి, దాని స్థితికి పదికి మార్కులు వేసేది) ముద్ర ఉన్నా కళ్లు మూసుకోకూడదు. అలాంటి కంపెనీ పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన టి206 వాగ్నర్‌కు 8 ఇచ్చింది. దాని అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు.

8. పొరపాటు, దానికి మందు

*"ఆలెన్ అండ్ గింటర్ అని ఉంది, కాబట్టి 1887."* టాప్స్ కంపెనీ 2006 నుంచి ఇదే పేరుతో కొత్త కార్డులు తెస్తోంది, చిన్న సైజువి కూడా. 2002లో టి206ను అనుకరిస్తూ టాప్స్ 206 తెచ్చింది, వాటి వెనుక పాత సిగరెట్ పేర్లు కూడా ఉన్నాయి. గుడ్విన్ ఛాంపియన్స్ పేరును 2009 నుంచి అప్పర్ డెక్ కంపెనీ వాడుతోంది. ఇవి నకిలీలు కావు, కొత్త కార్డులు. వెనుక సన్నక్షరాల్లో కాపీరైట్ వాక్యం చదవండి.

*మిఠాయి కార్డును టొబాకో కార్డు అనుకోవడం.* అదే కాలం, దాదాపు అదే కొలత. వెనుక కారమెల్ అనో, మిఠాయి కంపెనీ పేరో ఉంటే అది ఇ వర్గంలోకి వెళుతుంది.

*రబ్బరుతో మరక చెరపడం, టేపుతో చిరుగు అతికించడం, లామినేషన్.* వీటికి మందు లేదు. దయచేసి చేయకండి.

9. ఆన్‌లైన్‌లో కొనే ముందు

ఇండియాలో ఉండి కొనేవాళ్లకు కార్డు చేతిలో పట్టుకునే అవకాశం ఉండదు. అమ్మేవాళ్లను ఇవి అడగండి:

- ముందు, వెనుక స్కాన్, ఏ ఫిల్టరూ లేకుండా
- స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో
- ఆటగాడి పేరు అక్షరాలను దగ్గరగా తీసిన ఫొటో
- అంచులు పక్క నుంచి కనిపించే ఫొటో
- అసలుది కాకపోతే వెనక్కి తీసుకుంటామని రాతలో మాట

వెనుక ఫొటో ఇవ్వనంటే వదిలేయండి. ఎంత మంచి ధర అయినా సరే.

పోల్చుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని బెంజమిన్ ఎడ్వర్డ్స్ సేకరణలో 1887–1914 మధ్య కాలపు కార్డులు రెండు వేలకు పైగా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. బర్డిక్ తన సేకరణను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు, అందులోవి కూడా చాలా వాటిని మ్యూజియం వెబ్‌సైట్‌లో చూడవచ్చు. మీ కార్డునూ ఆ బొమ్మనూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకోండి.

10. తేలాక చేయాల్సినవి

ప్రతి కార్డుకూ ఒక చీటీ రాయండి. కార్డు మీద కాదు, విడిగా. సెట్ కోడ్, ఆటగాడు, జట్టు, బ్రాండ్, సబ్జెక్ట్స్ అంకె, ఫ్యాక్టరీ, కొలత, తేల్చిన ఏడాది, దానికి కారణం. ఆ చివరి గడి ఖాళీగా ఉంచకండి.

కార్డును మెత్తని ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి, దాన్ని గట్టి హోల్డర్‌లో ఉంచండి. స్లీవ్ పీవీసీది కాకూడదు. విశాఖ, విజయవాడ లాంటి తేమ ఎక్కువ ఉన్న ఊళ్లో దాచేటప్పుడు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలం ముందు మార్చండి. ఎండ తగిలే గోడకు ఫ్రేమ్ కట్టి పెట్టకండి.

గ్రేడింగ్‌కు పీఎస్ఏ, ఎస్‌జీసీ, బెకెట్ ఉన్నాయి. మామూలు ఆటగాడి నలిగిన కార్డుకు ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ కలిపితే కార్డు ధరను మించిపోవచ్చు, ముందు లెక్క వేసుకోండి. పేరున్న ఆటగాడు, అరుదైన వెనుక వైపు, లేదా అమ్మే ఉద్దేశం ఉంటే పంపండి. ఇప్పటికే గ్రేడ్ చేసిన కార్డు కొంటుంటే సర్టిఫికెట్ నంబరును ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అక్కడ వచ్చిన వివరాలు, ఫొటో ఉంటే ఆ ఫొటో, మీ చేతిలోని కార్డుతో మరకతో సహా సరిపోవాలి.